పదో లెక్కకు వేసిన ఎర

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా, ఉదయం కాఫీ తాగుతూ ఫోను తెరిచిన లెక్కల మాస్టారికి తన పదో లెక్క ఎదురయింది.

ఆరు నెలలు కూర్చుని చెక్కిన లెక్క అది. ఏ పుస్తకంలోనూ లేదు. ఉపకారవేతనపు పరీక్షలో చిట్టచివరి ప్రశ్నగా దాచుకున్నది. అది కాస్తా లెక్కల ప్రియుల ఆన్‌లైన్ గ్రూపులో, దండెం మీద ఆరేసిన పంచెలా పదిమంది కళ్ళెదుట వేలాడుతోంది. కింద ఒక వేడికోలు: "మూడు రోజులుగా కుస్తీ పడుతున్నాను. పెద్ద మనసున్నవారు దారి చూపండి." అడిగినవారి పేరు 'కొత్తచిగురు'.

ఆ గ్రూపులో అసలు పేర్లు చెప్పుకోవడం నిషిద్ధం. మాస్టారు అక్కడ 'శేషం'. ఎనిమిదేళ్ళుగా ఆయన రాసిన జవాబుకు తిరుగులేదని ప్రతీతి.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పరీక్ష వాయిదా వేయమని హెడ్మాస్టారి దగ్గరకు పరుగెత్తాడు. హాలు దొరకడమే గగనమయిందని, ఒక్క లెక్క కోసం ఇల్లు తగలబెట్టుకోలేమని, కొత్త లెక్క అచ్చువేయించే వ్యవధి లేదని ఆయన తేల్చేశాడు. ప్రశ్నపత్రం అప్పటికే, ఏటా జరిగేలాగే, రిటైరయిన పెద్దమాస్టారి పరిశీలనకు వెళ్ళివచ్చింది, జిరాక్సు గదిలో కట్టలయింది, బీరువాకెక్కింది. జిరాక్సు తీసినవాడు తన పిల్లల మీద ఒట్టేశాడు. గుమస్తా తాళంచెవి తన జేబు దాటలేదన్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

అప్పుడు మాస్టారు తన బ్రతుకులో ఎన్నడూ చేయని పని చేశాడు. గ్రూపులో ఆ ప్రశ్న కింద, 'శేషం' పేరుతోనే, తెలిసి తెలిసి తప్పు రాశాడు.

మామూలుగా ఎవరికీ తట్టని ఒక వంకరదారిని అయిదు వరుసల్లో అల్లాడు. మూడో వరుసలో, రెండు వైపులా ఉన్న ఒకే రాశిని నిశ్శబ్దంగా కొట్టివేశాడు. ఆ రాశి సున్నా కావచ్చునన్న సంగతి చెప్పలేదు. రావలసిన మూడు జవాబుల్లో ఒకటి దానితోపాటు గల్లంతయింది. ఈ దారిని పట్టి, రెండే జవాబులు రాసినవాడు దొంగ. వాడి పేరు నోటీసుబోర్డు కెక్కించి, మళ్ళీ ఈ గడప తొక్కనివ్వనని స్టాఫురూములో అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాడు.

గంటలో 'కొత్తచిగురు' నుంచి సమాధానం వచ్చింది. "వేయి నమస్కారాలు. కళ్ళు తెరిపించారు."

"మూయించాను, నాయనా" అని గొణుక్కున్నాడు మాస్టారు.

పరీక్ష జరిగింది. నూటపన్నెండు జవాబుపత్రాలు. మాస్టారు అన్నింటిలోనూ ముందుగా పదో లెక్కే తిప్పి చూశాడు. కొందరు వదిలేశారు, కొందరు సగంలో నీళ్ళు నమిలారు. ఎర తిన్నవాడు ఒక్కడూ లేడు. పోనీ అనుకుంటే, ఒక పత్రంలో మాత్రం మూడు జవాబులూ ముత్యాల్లా ఉన్నాయి. అది బట్టలు కుట్టే ఆవిడ కూతురిది. పై రెండేళ్ళ చదువూ ఈ వేతనం మీదే ఆధారపడిన పిల్ల.

మాస్టారు తల్లినీ కూతురినీ పిలిపించాడు.

"ఈ లెక్క ముందెక్కడ చూశావు?"

"పరీక్షలోనే సార్" అంది పిల్ల, మాస్టారి కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"ఇంట్లో ఫోనుందా?"

"అమ్మకుంది సార్. కొలతలు అందులోనే రాసుకుంటుంది."

"మరి ఈ మూడో జవాబు నీకెలా తట్టింది?"

"కొట్టేస్తే దాంతోపాటు పోయేదేమన్నా ఉందేమోనని చూశాను సార్."

ఆ మాటతో మాస్టారి అనుమానం మరింత బలపడింది. తెలివైన దొంగ ఎర తినదు, గాలాన్నే ఎత్తుకుపోతుంది. గ్రూపులో తన జవాబు చూసి, తప్పు పట్టి, దిద్దుకుని వచ్చిందన్నమాట. ఎర్రసిరాతో ఆ పిల్ల పేరు పక్కన 'నిలుపుదల' అని రాశాడు.

తల్లి ఆ అక్షరాల వైపు చూసింది. "దాని కాగితంలో తప్పుంటే చూపించండి సార్, నేనే చెవి మెలేస్తాను. తప్పు లేకపోవడమే తప్పంటే ఏం చెయ్యమంటారు?"

మాస్టారు వాళ్ళను పంపేశాడు. చిరాకు మాత్రం పోలేదు. దాన్ని మోసుకుని సాయంత్రం పెద్దమాస్టారి ఇంటికి వెళ్ళాడు. ఒకనాడు తన చేత బలపం పట్టించిన గురువు ఆయన. ఊళ్ళో సగంమందికి ఎక్కాలు నేర్పినవాడు. గ్రూపు సంగతి, ఎర సంగతి, ప్రతిజ్ఞ సంగతి, పిల్ల సంగతి ఏకరువు పెట్టాడు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుస్తూ చాలాసేపు విన్నాడు.

"ఆ పిల్లని వదిలెయ్యరా. అది చెయ్యలేదు."

"మీకెలా తెలుసండీ?"

"చేసినవాళ్ళు అలా కళ్ళలోకి చూసి మాట్లాడలేర్రా."

వయసు మీదపడితే మనుషులు మెత్తబడతారని విసుక్కుంటూ మాస్టారు ఇల్లు చేరాడు. దొంగ దొరకలేదు. దొరికిన పిల్ల ఒప్పుకోలేదు. మరునాడు ఉదయం ఆ పిల్ల పేరు కొట్టివేసిన జాబితానే ముందు పెట్టుకుని సంతకానికి సిద్ధమయ్యాడు. ఇక మిగిలింది ఒక్క ఆనవాయితీ. ప్రశ్నలన్నీ పరిశీలకుడు విడిగా చేసి, పరీక్షకు ముందురోజే సీలు వేసి పంపిన కవరును విప్పి, జవాబులు సరిచూడాలి. ఏటా సరిపోతూనే ఉన్నాయి.

మాస్టారు విసుగ్గా కవరు చింపి కాగితం విప్పితే, పెద్దమాస్టారి వణుకుతున్న దస్తూరీలో, పదో లెక్క కింద, 'కొత్తచిగురు' కోసం తాను అల్లిన అయిదు వంకర వరుసలూ, రెండంటే రెండే జవాబులతో, పొల్లు పోకుండా ఉన్నాయి.