లైక్ అంటే ఇష్టం

"లైక్ అంటే ఇష్టపడుడు కదమ్మా. సిపాయికి సింహమంటే ఇష్టమన్నట్టు," అన్నాడు చెన్నయ్య.

సావిత్రమ్మ పలక మీద రాసిన వాక్యం కింద మళ్లీ గీత గీసింది. 'ది సోల్జర్ ఫాట్ లైక్ ఎ లయన్.'

"ఇష్టమైతే ఎందుకు కొట్లాడుతడు?"

"మా ఇంటామెకు నేనంటే ఇష్టమే. దినాం కొట్లాడుతది."

ఆమె పళ్లు బిగించింది. నలభై దాటిన ఈ మనిషి ఈసారైనా మెట్రిక్ గట్టెక్కాలట. ఎండాకాలం వనపర్తిలో తన చెల్లెలింట్లో ఉంటాడని చెప్పి ఆమె తండ్రి అనంతయ్య తీసుకొచ్చాడు. సావిత్రమ్మ హైదరాబాదులో చదువుకుంది. భర్త పోయి పుట్టింటికి వచ్చాక గది దాటలేదు, అవును కాదు తప్ప మాట లేదు. తండ్రి బతిమాలితే కాదనలేక పలక పట్టుకుంది. ఇప్పుడు రోజూ తల పగిలిపోతోంది.

"లైక్ ఉంటే ఉపమ. సింహంలా కొట్లాడిండు. లైక్ తీసేసి, అతను సింహమే అంటే రూపకం. తెలిసిందా?"

"మనిషి సింహమెట్లయితడమ్మా? అబద్ధం కదా."

"అబద్ధం కాదు."

"మరి నిజమా?"

పలక చాప మీద విసురుగా పడింది. వంటింట్లో తల్లి గరిటె ఆపి వింది.

"ఇన్ని రోజులు గోడకు చెప్పినా వచ్చేది," అంది సావిత్రమ్మ. "మీకు పాఠం చెప్పుడు నాతోని కాదు."

"జర కోపం చేయకండి. ఇంకొక్కటి చెప్పండి."

ఆమె పలక తీసుకుని మెల్లగా రాసింది. 'హర్ హౌస్ ఈజ్ డార్క్.'

"ఆమె ఇల్లు చీకటి," చదివాడు చెన్నయ్య. "దీపం పెడితే పోతది కదా."

"పోదు." ఆమె గొంతు పెద్దదైంది. "ఎన్ని దీపాలు పెట్టినా పోదు. పట్టపగలు కూడా పోదు. అదీ రూపకమంటే. ఇంత చెప్పినా అర్థం కాదా మీకు?"

అంటూనే ఏడ్చేసింది. భర్త పోయిన నాడు కూడా ఆమె ఏడవలేదు. తల్లి పరుగున వచ్చి పక్కన కూర్చుంది. చెన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి సావిత్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపు జల్దీ రండి," అంది, ఇంకా విసుగ్గానే. "మీకు వచ్చేదాకా వదల."

"అట్లనే అమ్మా."

అనంతయ్య ఆయన్ని వాకిలి దాకా సాగనంపాడు. రెండు చేతులూ జోడించాడు.

చెన్నయ్య గద్వాల బడిలో ఇంగ్లీషు సారు.