పసుపు పూసిన సోలార్ పలక

పసుపు పూసింది ఎవరంటావా? ఇంకెవరు, ఎర్రపుంజే. అడవి సర్కారు పెరటికో సోలార్ దీపం ఇచ్చిందని పొద్దున్నే కొంగ దీపాన్నీ దాని పలకనీ మోసుకొచ్చింది. చీకట్లో పిల్లల్ని ఎత్తుకుపోయే బావురుపిల్లి ఇక రాదని నల్లపెట్టకి కాళ్లు నేల మీద ఆగలేదు. ఎనిమిది పిల్లలాయె మరి.

"పలక మీద ఏదీ పడనియ్యొద్దు, అది ఎండ తాగాలి," అంటానే ఉంది కొంగ. వినేదెవరు? బాతులు డప్పులు, మేక చిందులు. "కొత్తది ఇంటికొస్తే పసుపు పూయకుండా ఉంటామా?" అని పుంజు పలకంతా దట్టంగా పామేసింది. బంతిపూల దండ వేస్తే సగం మేకే తినేసింది. పెట్ట నవ్వి నవ్వి బోర్లా పడింది.

మాపటికి దీపం వెలగలేదు.

"ఎండ తాగే నోటికి పసుపు మెత్తావు గదా మావా," అంది పెట్ట, పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంటా.

"రేపు కడుగుతాలే. నువ్వు పిల్లల్ని కప్పుకొని పడుకో, వాకిట్లో నేనుంటా. అయినా పసుపులో పెళ్లికూతురులా లేదటే పలక?" అని పుంజు పెట్టని మళ్లీ నవ్వించింది.

తెల్లారేసరికి పిల్లలు ఎనిమిదీ ఉన్నాయి. పుంజు లేదు.