తుపాకీ గొట్టానికి ఆరు బెజ్జాలు

"గొట్టం కొసకి ఇంకో మూడు బెజ్జాలు వేస్తే తుపాకీ భుజాన్ని తన్నడం తగ్గుద్ది. కానీ మోతంతా పక్కవాడి చెవుల్లోకే" అన్నాను.

"పక్కనుండేది మా తమ్ముడేగా!" నవ్వాడు క్లేటన్. "దుప్పిలా కూసి వేటని పిలవడమే వాడి పని. పోయినేడు మూడు వేయిస్తేనే చెవులు పోయాయి. ఇంకా పోవడానికేముంది?"

ఆ మూడూ వేసింది నేనే.

తమ్ముడు వెండెల్ తన అన్న మూతివైపే చూస్తున్నాడు.

"నీకిష్టమేనా, వెండెల్?" అని అరిచాను.

"చెవిటి మాలోకాన్ని అడుగుతావేంటయ్యా!" అన్నాడు క్లేటన్.

వెండెల్ తన తుపాకీని భుజం మీంచి తీసి బల్లమీద పెట్టాడు.

"దీనికి పన్నెండు బెజ్జాలు వెయ్యి" అన్నాడు. "పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్చానన్నయ్యా. ఈ ఏడు కాల్చేది నేను. పక్కన నిలబడి కూసేది నువ్వు."