పల్లపు మడుగులో మిగిలిన కప్ప

కనుచూపు మేర గడ్డే, నడుమ పళ్లెంలాంటి పల్లం, అందులో మోకాల్లోతు మడుగు. అదండీ మన కప్పమ్మ కాపురం! వానాకాలమంతా బాతులతో కబుర్లే కబుర్లు. ఎండలు ముదిరి నీళ్లు అడుగంటేసరికి బాతులు ప్రయాణం కట్టాయి.

"నువ్వూ రావే!" అంది పెద్ద బాతు.

"రెక్కలేవీ అత్తా?" అంది కప్పమ్మ.

బాతులన్నీ పకపకా నవ్వి ఎగిరిపోయాయి. మాట్లాడే దిక్కు లేక కప్పమ్మ మడుగు అడుగునున్న బంకమన్ను మీద విరుచుకుపడింది. "నీళ్లన్నీ మింగేశావు కదే ముసలీ! ఇక నేను ఎండి చావాల్సిందేనా?"

"నేను చుక్కైనా కిందికి దిగనివ్వనే తల్లీ. అందుకే ఇన్నాళ్లూ ఈ మడుగు నిలిచింది. పైనుంచి సూర్యుడు తాగేస్తుంటే నేనేం చెయ్యను?" అంది బంకమన్ను.

పది రోజుల్లో పైనున్న చెమ్మంతా ఆరిపోయింది. కప్పమ్మ తోలు బిగుసుకుపోయింది, బెకబెకమనడానికి గొంతు కూడా పెగలడం లేదు. ఆ ఎండకే బంకమన్ను కూడా ఫెటీలుమని జానెడు నెర్రె విచ్చింది.

"నొప్పిగా ఉందా అవ్వా?" అని గొణిగింది కప్పమ్మ.

"ఉందిలే. లోపల ఇంకా తడుంది, ముందు నువ్వు దిగు. నాకు మాత్రం ఇక్కడ ఎవరున్నారే?"