ఆకు రసం వేయని గొట్టం

చీకటి పడ్డాక ప్రయోగశాలలో నేనొక్కదాన్నే మిగిలాను. వెండి ద్రావణంలో ఆకు రసం వేస్తే, అందులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నప్పుడు వెండి నానోకణాలుగా మారి పసుపు రంగు తేలుతుంది. ఆ రోజు పరీక్ష గొట్టాలన్నీ పసుప్పచ్చగా మెరిశాయి. ఇంటికి ఫోన్ చేశాను.

"ఆకు మంచిదేనండీ. పొద్దున్నే మందు తయారీకి పంపమని చెప్పేస్తాను."

"అంతా దేవుడి దయ. వంట నేనే చేశాను, ధైర్యం చేసి రా తల్లీ," అన్నారు మావారు.

నవ్వుతూ తిరిగి చూస్తే వరుస చివర ఇంకో గొట్టం ఉంది. ఆకు రసం బదులు ఉత్త నీళ్లు పోసే గొట్టం అది. దాని రంగు మారకూడదు. నేనైతే దాన్ని పెట్టడమే మరిచాను. "నీళ్ల గొట్టం పెట్టావా అమ్మాయ్?" అని రోజూ అడిగే మాస్టారు పోయి నెలైంది. తలుపు గడియ లోపలి నుంచి నేనే వేశాను.

చూస్తుండగానే అదీ పసుపెక్కింది. అంటే రంగు ఆకుది కాదు, మేం వాడిన నీళ్లలోనే ఏదో కలిసింది. పనిచేస్తుందో లేదో తేలని మందు రోగుల దాకా వెళ్లకుండా ఆగింది.

పోయినవాళ్లకు మన పని మీద ఇంకా బెంగ ఉంటుందా? నాకు తెలియదు. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాను.

"మీ మేలు మరిచిపోను మాస్టారూ. మళ్లీ మొదటి నుంచి చేస్తాను."

నా వెనక ఖాళీ కుర్చీ, ఎవరో తీరిగ్గా కూర్చున్నట్టు, కిర్రుమంది.