పొత్తిగుడ్డ

"అవ్వా, మీ క్రీస్తు గుంపు ఇంతలా ఎట్లా పెరిగిపోతోందో నాకర్థం కాదు. చూడబోతే అంతా బానిసలూ, విధవలూ, చెత్తకుప్పల మీద ఏరుకొచ్చిన పిల్లలూ" అన్నాడు ట్రైఫోను, కాలు మీద కాలేసుకుని. రోమా ఏలుబడిలోని అంతియొకయ పట్నంలో పేరుమోసిన అద్దకంవాడు అతను.

"అలాంటి ఇంటికి పిల్లనడగడానికి వచ్చావేం నాయనా?" దొమ్నీన ముసలమ్మ ఊలు దువ్వడం ఆపలేదు.

"మా అబ్బాయికి మా వాళ్ళలో పెళ్ళీడు పిల్ల దొరికి చస్తేగా. మీరు పెంచిన జోయి ఎవరికి పుట్టిందో తెలీకపోయినా సర్దుకుంటాను."

"చాలా పెద్ద మనసు. మరి మీ ఆడపిల్లలంతా ఏమైపోయారో?"

"ఎంతమందినని మేపుతాం? పుట్టగానే వదిలించుకుంటాం. నేనూ ఒకదాన్ని ఊరి తూర్పు వాకిలి దగ్గరి పెంటకుప్ప మీద పెట్టించాను. పదహారేళ్ళయింది."

ముసలమ్మ చెయ్యి ఆగింది. లేచి, పెట్టెలోంచి ఒక పొత్తిగుడ్డ తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

గుడ్డ చిరిగింది గాని, ఆ ముదురెరుపు పిసరంత వెలవలేదు. అలాంటి ఎరుపు ఊరు మొత్తమ్మీద ట్రైఫోను రంగుతొట్టిలోనే దిగుతుంది.

"జోయి దొరికింది ఆ కుప్ప మీదే, ఈ గుడ్డలోనే. మేం పెరిగేది ఇట్లాగే నాయనా. ఇప్పుడు చెప్పు, మీవాడికి పిల్లనివ్వమంటావా?"

ట్రైఫోను కాలు మీంచి కాలు తీశాడు.