చిటికెన వేలి మీద పుట్టుమచ్చ

సమాధిరాయి నిలబెట్టడానికి తవ్విన గుంటలోకి మునినారాయణ కాలితోనే మన్ను తోసేశాడు.

"ఈ రాయి నిలబెట్టేది లేదు," అన్నాడు.

చేను గట్టున చేరిన పాతపాళ్య జనం నోళ్ళు తెరిచారు. పదకొండు రోజుల కిందట పోయిన తండ్రి ఆంజనేయప్పకు రాయి చెక్కించి తీరాలని పట్టుబట్టింది ఈ మునినారాయణే. చింతామణిలో మేష్ట్రు పని చేసే మనిషి, సెలవు పెట్టి వచ్చి, రాళ్ళు కొట్టే గురప్పను పిలిపించి, ఏం చెక్కాలో తానే రాసిచ్చాడు: 'బర్మా యుద్ధంలో నాలుగు వేళ్ళు అర్పించిన వీరుడు.' పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసి ఇంకా రెండు నెలలు కాలేదు. సిపాయి అన్న మాటకే ఊరూరా దండలు పడుతున్న రోజులు. ఎవరు వద్దంటారు?

పటాలం పేరు తప్పు పడకూడదని ఆ పొద్దున తండ్రి ఇనప పెట్టె తెరిచి మిలిట్రీ కాగితం బయటికి తీశాడు. అదే కొంప ముంచింది.

"ఇంగ్లీషులో ఉండాది, నేను చెప్తా వినండి," అన్నాడు, కాగితం విప్పి. "నలభై ఆరులో ఇంటికి పంపించేటప్పుడు రాసింది. గాయాలు ఏమీ లేవంట. ఆనవాలు, కుడిచేతి చిటికెన వేలి మీద పుట్టుమచ్చ అంట. మా నాయన కుడిచేతికి బొటనవేలు తప్ప ఇంకో వేలు నేను చూసిన పాపాన పోలేదు. ఈ మచ్చ యాడ ఉండె?"

గట్టు మీద కూర్చున్న తల్లి చౌడమ్మ కొంగు ముందుకు లాక్కుని, రాసిన దొర తప్పు రాసుంటాడులే అని గొణిగింది. ఆ మాటతో అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎందుకెక్కదు? చిన్నప్పుడు 'మొండిచెయ్యోని కొడుకా' అన్న ప్రతివాడితోనూ కలబడి చొక్కాలు చింపుకున్నాడు. ఏటా ఆగస్టు పదిహేనున జెండా కింద నిలబడి, జపానువాడి గుండు తన తండ్రి వేళ్ళను ఎలా ఎత్తుకుపోయిందో పిల్లలకు చెప్పాడు. అబద్ధమాడిన పిల్లవాడికి బెత్తం దెబ్బ తప్పదనే మేష్ట్రు, అన్నేళ్ళూ అదే నోటితో అబద్ధం చెప్పాడన్నమాట.

పోనీ ఆ తండ్రి చెడ్డవాడా అంటే కాదు. ఎడమచేత్తో సంగటి ముద్ద చేసి ముందు కొడుకు నోట పెట్టాకే తాను తిన్న మనిషి. కొడుకు చింతామణిలో చదువుకున్నన్నాళ్ళూ నెలనెలా రాగుల మూట భుజాన మోసుకుని వచ్చిన మనిషి. అందుకే ఇంకా మంట. పరాయివాడు మోసం చేస్తే ఉమ్మేసి ఊరుకోవచ్చు.

తండ్రి ఈడువాడైన పిళ్ళప్ప వైపు తిరిగాడు. "మామా, నాయన పటాలం నుంచి దిగినపొద్దు బాగేపల్లి దాకా ఎదురుపోయినోడివి నువ్వు. ఆ పొద్దు వేళ్ళు ఉండెనా, లేదా?"

పిళ్ళప్ప తన కాళ్ళ వంక చూసుకున్నాడు. పక్కనున్నవాళ్ళూ తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకున్నారు. అప్పుడు అర్థమైంది అతనికి. తనను ఎత్తుకుని తిరిగిన ముసలమ్మల దగ్గర నుంచి ఊళ్ళో పెద్దల దాకా, జపానువాడి గుండు కథ చెప్పని ఇల్లు లేదు. అందరికీ తెలిసే చెప్పారు.

"ఊరంతా కలిసి నన్ను పిచ్చోణ్ణి చేసినారు," అన్నాడు. గురప్ప చేతిలోని ఉలీ సుత్తీ లాక్కుని రాతి మీద వంగాడు. మొదటి దెబ్బకే 'వీరుడు' అన్న మాటలో ఒక పెచ్చు ఎగిరింది.

ఇక ఆగలేక పిళ్ళప్ప నోరు విప్పాడు. "గానుగలో పోయినాయప్పా."

మిగిలింది కూడా అతనే చెప్పాడు. ఆంజనేయప్ప పటాలం నుంచి వచ్చిన మరుసటేడు, ఈ చేలోనే చెరుకు గానుగ ఆడిస్తుంటే నాలుగు వేళ్ళూ నలిగిపోయాయి. చేతికి కట్టు ఉండగానే అతను ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరడిగినా యుద్ధంలో పోయాయనే చెప్పండని బతిమాలి, దీపం ముందు ఒట్టు వేయించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఊరు ఆ ఒట్టు తప్పలేదు.

మునినారాయణ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కోపం ఆగలేదు. గానుగలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఎవరూ దాచుకోలేదు, సిగ్గుపడలేదు.

"అంటే వీరుడనిపించుకునేదానికి ఊరంతటితో ఒట్టు పెట్టించుకున్నాడు," అన్నాడు. "పేరు కోసం ఇంత ఆశా మా నాయనకి?"

మళ్ళీ సుత్తి ఎత్తాడు. చౌడమ్మ గట్టు మీద నుంచి లేచి వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె కళ్ళు అంత ఎర్రబడలేదు.

"ఆయన్ని అంత మాట అన్నాక నేను ఒట్టు నిలుపుకోలేను," అంది. "గానుగలో చెరుకు ఇరుక్కునింది. ఎద్దుల్ని నిలిపి, చెయ్యి లోపలికి పెట్టినాడు మీ నాయన."

"అయితే?"

"నువ్వు నాలుగేండ్లోడివి. చెర్నకోల తీసుకోని ఎద్దుల్ని అదిలించినావప్పా."